పెదవి ఒకచోట, మాట ఒకచోట

ఈ వారం వంటింట్లోంచి కాస్త హాల్లోకి వద్దాం, టీవీ ముందుకు. పెళ్ళి వీడియోలో పంతులుగారు నోరు మూసుకున్నాక మంత్రం వినబడుతుంది. టెంకాయ రెండు చిప్పలై నీళ్ళు కారిపోయాక 'ఠప్'మంటుంది. హారతి పాడే ఆవిడ పెదవులు ఒక చరణంలో ఉంటే గొంతు ఇంకా వెనకటి చరణంలోనే ఉంటుంది. ఇది మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. అప్పుడు మనం చేసేదేమిటి? "ఈ ఫైలు పాడైపోయిందిలే" అని కట్టేస్తాం. ఇంకా కోపమొస్తే పెన్‌డ్రైవు ఇచ్చిన పిల్లల మీద విసుక్కుంటాం.

చాలాసార్లు ఆ ఫైలు పాడై ఉండదండీ. బొమ్మ బాగానే ఉంటుంది, శబ్దమూ బాగానే ఉంటుంది. రెండూ జతగా నడవడం లేదు, అంతే. ఏ రకంగా జత తప్పిందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఇంటర్‌తో ఆపేసిన నేను చెబుతున్నాను, పాల లెక్క రాసుకునేపాటి ఓపిక ఉంటే చాలు.

ముందుగా ఒక మాట. హిందీ నుంచి తెలుగులోకి దించిన సీరియల్ చూస్తూ "పెదాలు కలవడం లేదు" అనుకుంటే దానికి మందు లేదు. అక్కడ ఆ నోరు పలికింది వేరే భాష. తెలుగులోకి మొట్టమొదట డబ్బింగ్ అయిన సినిమా 1950లో వచ్చిన 'ఆహుతి'. దానికి మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. పరాయి భాష పెదవుల కదలికకు సరిపడే తెలుగు మాట వెతకడం అంత పెద్ద కవికే పరీక్ష పెట్టే పని. కాబట్టి డబ్బింగ్ బొమ్మల్ని పక్కన పెట్టండి. మన భాషలో, మన మనుషులు మాట్లాడిన వీడియోలో జత తప్పితేనే ఈ గొడవంతా.

రెండో మాట. తప్పు ఫైలులో ఉందా, మీ సామానులో ఉందా? ఇది తేల్చుకోకుండా దేన్నీ ముట్టుకోకండి. చెవిలో పెట్టుకునే వైరు లేని ఇయర్‌ఫోన్లున్నాయే, బ్లూటూత్‌వి, వాటిలో శబ్దం ఎప్పుడూ కొంచెం వెనకబడే వస్తుంది. టీవీకి విడిగా స్పీకరు పెట్టుకున్నా అంతే. కొత్త టీవీలు బొమ్మను మెరుగులు దిద్దడానికి కాస్త సమయం తీసుకుంటాయి. ఈలోగా శబ్దం ముందే బయటికొచ్చేస్తుంది. అందుకే టీవీ సెట్టింగుల్లో 'ఆడియో డిలే' అనో 'లిప్ సింక్' అనో ఒకటి పెట్టి ఉంటారు. అదే వీడియోను ఇంకో ఫోనులో, ఆ ఫోను స్పీకరు మీదనే, ఇయర్‌ఫోన్లు తీసేసి చూడండి. అక్కడ సరిగ్గా ఉంటే ఫైలుకి ఏ జబ్బూ లేదు. టీవీలో చానెల్ చూస్తుండగా ఇలా అయితే ఇంకో చానెల్‌కి పోయి మళ్ళీ వెనక్కి రండి. చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది.

ఎక్కడ పెట్టినా అదే తేడా వస్తోందంటే తప్పు ఫైలులోనే ఉన్నట్టు. ఇక అసలు విషయానికి వద్దాం.

కుట్టుమిషను తొక్కిన వాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మా ఆదోని నుంచి బస్సెక్కితే గంట ప్రయాణంలో ఎమ్మిగనూరు. అక్కడ మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. ఎమ్మిగనూరు అంటే మగ్గం గుర్తుకు రావడం అప్పట్నుంచీ ఉన్నదే. అక్కడి గళ్ళ బట్ట రెండు ముక్కలు తీసుకుని మధ్యలో అతుకు వేస్తున్నారనుకోండి. గడికి గడి కలవాలి కదా. మొదట్లోనే ఒక గడి జరిపి పెట్టి కుట్టారంటే కొసదాకా అదే ఒక గడి తేడాతో పోతుంది. కుట్టు విప్పి ఒక్క గడి జరిపితే అంతా కుదురుతుంది. ఇది ఒక రకం. మొదట్లో సరిగ్గానే పెట్టారు గానీ కుడుతూ కుడుతూ పై ముక్కను కొంచెం లాగిపట్టారనుకోండి, మొదట కలిసిన గళ్ళు పోనుపోను విడిపోయి కొసకొచ్చేసరికి బెత్తెడు తేడా తేలుతుంది. దీన్ని ఎంత జరిపినా లాభం లేదు. ఇటు కలిపితే అటు పోతుంది. లాగిన ముక్కను సమంగా దగ్గరికి తీసుకోవాలి. ఇది రెండో రకం. ఇంకోటుంది, కుడుతున్నప్పుడు మధ్యలో ఎక్కడో బట్ట మడత పడిపోయింది. అక్కడివరకూ బాగుంటుంది, అక్కణ్ణుంచి ఉన్నపళాన తేడా. ఆ మడత దగ్గరే విప్పాలి.

వీడియోలో బొమ్మ ఒక ముక్క, శబ్దం ఒక ముక్క. జత తప్పేదీ ఈ మూడు రకాల్లోనే. మీది ఏ రకమో తెలియకుండా ఎవరో చెప్పిన మందు వేస్తే తలనొప్పికి కాలికి కట్టు కట్టినట్టుంటుంది.

అసలు ఇంత చిన్న తేడా మనకెందుకు అంత ఇబ్బంది పెడుతుందో అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర నాడు దూరంగా ఔటు పేలితే ముందు వెలుగు కనబడుతుంది, తరువాత మోత వినబడుతుంది. శబ్దం సెకండుకి సుమారు 340 మీటర్లే పోతుంది మరి. వంద మీటర్ల దూరానికి సెకండులో మూడో వంతు ఆలస్యం. పుట్టినప్పట్నుంచీ ఇది చూస్తున్నాం గనుక శబ్దం కొంచెం వెనకబడితే మన మనసు సర్దుకుంటుంది. శబ్దం ముందొస్తే మాత్రం ఒప్పుకోదు. ప్రపంచంలో ఎక్కడా మాట ముందు, పెదవి తరువాత రాదు కదా! టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫారసులో ఈ లెక్క ఉంది. శబ్దం సెకండులో వెయ్యోవంతులు 45 ముందొచ్చినా చూసేవాళ్ళు పట్టేస్తారట. వెనకబడితే 125 వరకూ కనిపెట్టలేరట.

ఇంకో తమాషా వినండి. 1976లో ఇంగ్లండులో హారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. 'గ' అని పలికే నోటి బొమ్మకు 'బ' అనే శబ్దం జతచేసి చూపించారు. చూసినవాళ్ళలో ఎక్కువమందికి 'గ'యూ కాదు, 'బ'యూ కాదు, 'ద' అని వినబడింది! కళ్ళు మూసుకుంటే మళ్ళీ 'బ'. అంటే మనం చెవులతోనే వింటున్నామనుకుంటాం గానీ కళ్ళు కూడా వింటూనే ఉంటాయి. ఇంట్లో వినికిడి తగ్గిన పెద్దవాళ్ళుంటే గమనించండి, మాట్లాడేవాళ్ళ మూతి వంకే చూస్తారు. మనకు విసుగు పుట్టించే ఈ తేడా వాళ్ళకు మాటే అందకుండా చేస్తుంది. టీవీ గట్టిగా పెట్టి కూడా "ఏమంటున్నాడు?" అని అడుగుతున్నారంటే వాళ్ళ మీద కేకలేసే ముందు లిప్ సింక్ చూడండి.

ఇక కనిపెట్టడం ఎలా అంటే, కంటికీ చెవికీ ఒకేసారి తగిలే చోటు ఒకటి దొరకాలి. సినిమా వాళ్ళు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. సినిమా ముహూర్తం ఫొటోల్లో ఎవరో పెద్దమనిషి నల్లపలక పట్టుకుని క్లాప్ కొడుతూ కనబడతారే, అది శుభానికి కొట్టేది కాదండీ. బొమ్మ ఒక దాని మీద, శబ్దం ఇంకో దాని మీద విడివిడిగా ఎక్కుతాయి. పలక మీది చెక్క తాకిన బొమ్మనూ ఆ 'టక్' శబ్దాన్నీ ఒకచోట పెడితే మిగతాదంతా కలిసిపోతుంది. 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' నుంచి ఇప్పటిదాకా ఈ జత కలపడం ఒక్కటే సినిమాకు తప్పని పని. టూరింగ్ టాకీసుల్లో చూసినవాళ్ళకు గుర్తుండాలి, ఒక్కోసారి రీలు మార్చగానే హీరో పెదాలు ఒకటి, మాట ఒకటి అయ్యేది. జనం ఈలలు, కేకలు. ఫిల్ములో బొమ్మకు సంబంధించిన శబ్దం బొమ్మ పక్కనే ఉండదు. సుమారు 20 బొమ్మలు ముందు ఉంటుంది, ఎందుకంటే మిషనులో బొమ్మ చూపే చోటు వేరు, శబ్దం చదివే చోటు వేరు. ఆపరేటరు ఫిల్ము ఎక్కించేటప్పుడు మెలిక కొంచెం ఎక్కువ తక్కువైతే చాలు, దాదాపు సెకండు సరిపోయే ఆ లెక్క తప్పేది. కేకలు విని అతను సర్దేవాడు. ఇప్పుడు మన ఇంట్లో ఆ ఆపరేటరు పని మనదే.

మన పెళ్ళి వీడియోల్లో క్లాప్ పలక ఎక్కడిదంటారా? టెంకాయ ఉంది! కొట్టిన క్షణం కనబడుతుంది, వినబడుతుంది. డోలు మీద పడే పుల్ల దెబ్బ, గంట, చప్పట్లు, స్టీలు బిందె కింద పెట్టిన మోత, ఏదైనా పనికొస్తుంది. ఇవేవీ దొరక్కపోతే మాటనే పట్టుకోండి. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు రెండూ మూసుకుని తీరాలి. 'అమ్మా' అని పిలిచే చోటు, 'బాబూ' అనే చోటు వెతకండి. పెదవులు మూతబడిన క్షణమూ 'మ్మ' వినబడిన క్షణమూ ఒకటేనా, చూడండి. అన్నట్టు, పాత పెళ్ళి క్యాసెట్లలో సగం సేపు సినిమా పాటలు పెట్టి నింపేవారు. ఆ భాగంలో వెతికితే ఏమీ దొరకదు. అసలు శబ్దం ఉన్న చోటనే చూడాలి.

విండోస్ కంప్యూటర్ ఉంటే వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరు ఉంటుంది, పిల్లల్ని అడిగితే పెట్టిస్తారు. వీడియో ఆడుతుండగా కీబోర్డు మీద కె అక్షరం నొక్కితే శబ్దం సెకండులో వెయ్యోవంతులు 50 వెనక్కి జరుగుతుంది. జె నొక్కితే అంతే ముందుకొస్తుంది. వీటినే మిల్లీసెకండ్లు అంటారు. ఎంత జరిగిందో తెర మీదే అంకె పడుతుంది. అంటే మాట ఆలస్యంగా వస్తుంటే జె, ముందే వస్తుంటే కె. తేడా సెకండ్లలో ఉంటే అన్నిసార్లు నొక్కడం విసుగు. 'టూల్స్'లో 'ట్రాక్ సింక్రొనైజేషన్' అని ఉంటుంది, అక్కడ సెకండ్ల లెక్కన నేరుగా అంకె వేయచ్చు. ఫోనులో పెట్టుకునే వీఎల్‌సీలోనూ 'ఆడియో డిలే' ఉంది.

పాల లెక్క పుస్తకం అన్నానే, ఇప్పుడు తీయండి. వీడియో మొదట్లో ఒక చోట జత కుదిర్చి ఆ అంకె రాసుకోండి. నడుమ ఒక చోట, కొసన ఒక చోట ఇలాగే చేయండి. శబ్దాన్ని ముందుకు తెచ్చి ఉంటే అంకెకు మైనస్ గుర్తు ఉంటుంది, దాన్ని వదలకండి. మూడు చోట్లా ఒకే అంకె వచ్చిందా, మీది మొదటి రకం. పోనుపోను పెరిగిందా, రెండో రకం. నడుమ ఎక్కడో ఉన్నట్టుండి మారిందా, మడత పడిన రకం. స్టూడియోకి పోయినా ఈ మూడంకెల కాగితం చేతిలో పట్టుకుని పోండి. "ఏదో తేడాగా ఉంది బాబూ" అంటే వినేవాడు, "మొదట్లో సున్నా, అరగంట దగ్గర రెండున్నర సెకండ్లు" అంటే కుర్చీలో సరిగా కూర్చుంటాడు.

మొదటి రకం అయితే సుఖం. వీఎల్‌సీలో జరిపింది చూసేటప్పటికే, ఫైలులో నిలవదు. నిలవాలంటే ఎంకేవీటూల్‌నిక్స్ అని ఇంకో ఉచిత ప్రోగ్రాం ఉంది. ఫైలు అందులో వేసి, శబ్దం ఉన్న వరుసను ఎంచుకుని, 'డిలే' అన్న చోట మీ అంకెను మిల్లీసెకండ్లలో వేసి మళ్ళీ మూట కట్టిస్తే చాలు. మైనస్ ఉంటే మైనస్‌తోనే వేయాలి. బొమ్మను మళ్ళీ వండదు, ఉన్నదాన్నే జరిపి కొత్త డబ్బాలో సర్దుతుంది కాబట్టి నాణ్యం తగ్గదు. ఏం చేసినా సరే, అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు తీసుకుని దాని మీదనే చేయండి. "మీ వీడియో బాగుచేస్తాం" అని డబ్బులడిగే ప్రకటనలు నెట్లో బోలెడు. నేను చెప్పినవేవీ పైసా ఖర్చు లేనివి.

ఫోనుతో తీసిన వీడియోల్లో ఇంకో తిరకాసు. ఫోను సెకండుకి సుమారు 30 బొమ్మలు తీస్తుందంటారు గానీ వెలుతురు తగ్గినా, వేడెక్కినా తక్కువ తీసి సర్దుకుంటుంది. ఫోనులో చూసినంతసేపూ బాగానే ఉంటుంది. దాన్ని ఎడిటింగ్‌కి ఇచ్చినప్పుడు ఆ ప్రోగ్రాం అన్ని సెకండ్లలోనూ సమానంగా బొమ్మలున్నాయనుకుని లెక్క వేస్తే శబ్దం కొంచెం కొంచెంగా విడిపోతుంది. రాత్రిపూట సీమంతం, బారసాల వీడియోల్లో ఇది ఎక్కువ. ఎడిటింగ్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలో వేసి 'కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్' ఎంచుకుని మార్చుకుంటే ఆ బాధ ఉండదు.

అన్నిటికన్నా నాకు దిగులు క్యాసెట్ల సంగతి. మనలో ఎంతమంది పెళ్ళిళ్ళు వీహెచ్ఎస్ క్యాసెట్లలో ఉన్నాయో ఆలోచించండి. ఆ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడే ఎక్కువగా ఈ రెండో రకం తప్పు దొర్లుతుంది. మన దేశపు వీడియోకు సెకండుకి 25 బొమ్మలు. యాభై నిమిషాలకు 75,000. టేపు నలిగిన చోట, కంప్యూటర్ తడబడిన చోట కొన్ని బొమ్మలు అందక జారిపోతాయి. శబ్దం మాత్రం పూర్తిగా ఎక్కుతుంది. అన్ని వేలల్లో వంద బొమ్మలు జారితే ఎవరికి తెలుస్తుంది? కానీ వంద బొమ్మలంటే నాలుగు సెకండ్లు. శబ్దం నాలుగు సెకండ్లు వెనకబడిపోయింది!

ఎమ్మిగనూరులో ఉన్న మా ఆడపడుచు పెళ్ళి 1998లో జరిగింది. మా అత్తగారు 2009లో పోయారు. ఆవిడ గొంతు ఆ క్యాసెట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అప్పట్లో మనింట్లో మాటలు ఎవరు రికార్డు చేశారు గనక? ఆడపడుచు కూతురు తన అవ్వ గొంతు వినాలని ముచ్చటపడి క్యాసెట్‌ను ఒక స్టూడియోలో ఇచ్చి పెన్‌డ్రైవులో ఎక్కించింది. మొదట పావుగంట బాగానే ఉంది. తాళి కట్టే వేళకి అంతా గందరగోళం. అక్షింతలు పడ్డాక గట్టిమేళం. అడిగితే "క్యాసెట్ పాతదమ్మా, టేపే సాగిపోయింది, ఏం చేయలేం" అన్నారు. ఇంకేం, క్యాసెట్ పారేద్దామని కూడా అనుకున్నారు, పెన్‌డ్రైవులో ఉంది కదా అని.

ఈ మాట దగ్గరే ఆగాలి. వీహెచ్ఎస్ టేపులో బొమ్మ, శబ్దం ఒకే టేపు మీద ఉంటాయి. టేపు సాగినా నలిగినా రెండూ కలిసే సాగుతాయి, కలిసే నలుగుతాయి. పోనుపోను విడిపోవడం టేపు గుణం కాదు, ఎక్కించడంలో వచ్చే గుణం. నిజమా కాదా చూడాలంటే ఒక వీసీఆర్ సంపాదించి క్యాసెట్‌ను నేరుగా టీవీలో వేయాలి. మా వాళ్ళు అదే చేశారు. బంధువుల అటక మీద దొరికిన వీసీఆర్‌లో వేస్తే గట్టిమేళం మీదనే తాళి పడింది. ఇక అనుమానం లేదు. వేరే స్టూడియో చూసుకుని మళ్ళీ ఎక్కించారు. ఇప్పుడు మొదటినుంచి చివరిదాకా ఒకే తేడా వచ్చింది, సెకండులో మూడో వంతు. దాన్ని నేను పైన చెప్పినట్టే జరిపారు. భోజనాల దగ్గర టేపు నలిగి ఒక నిమిషం మాత్రం చెడింది, అది అలాగే ఉంది.

అందులో పెళ్ళికూతురు పీటల మీద ఉన్నప్పుడు ఒక మాట వినబడుతుంది, "ఎవురన్నా ఆ పాపకి రోంత నీళ్ళు ఇయ్యండమ్మా" అని. పాత ఫైలులో ఆ మాట వచ్చే వేళకి తెర మీద మా అత్తగారి చెల్లెలు ఉంది, ఎవరితోనో మాట్లాడుతూ. అక్కచెల్లెళ్ళ గొంతులు ఒకలాగే ఉంటాయి, పైగా వెనక సన్నాయి. చిన్నమ్మ అన్నదని అందరం అనుకున్నాం. కొత్త ఫైలులో ఆ మాట నాలుగు సెకండ్లు ముందుకొచ్చింది. కెమెరా చిన్నమ్మ వైపు తిరగక ముందు, పెళ్ళికూతురి వెనక నిలబడి ఉన్నది మా అత్తగారు. పెదవులు ఆవిడవి. పొద్దుట్నుంచీ పస్తున్న కూతురికి నీళ్ళు అడుగుతోంది. మా ఆడపడుచు దాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసిందో నేను లెక్కపెట్టలేదు.

మళ్ళీ ఎక్కించడానికి క్యాసెట్టే లేదు, ఉన్న ఫైలే గతి అనుకోండి, అప్పుడు రెండో రకానికి చేయాల్సింది ఇది. యాభై నిమిషాలకు, అంటే 3,000 సెకండ్ల బొమ్మకు, శబ్దం 3,004 సెకండ్లు వస్తోంది. ఆ 3,004ను 3,000లోకి సమంగా కుదించాలి. శబ్దాన్ని విడిగా తీసి ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో 'ఛేంజ్ టెంపో'తో చేయచ్చు. అది వేగాన్ని మారుస్తుంది గానీ గొంతు మారదు. వెయ్యికి సుమారు ఒకటీ మూడో వంతు తేడా ఎవరి చెవికీ తెలియదు. ఇది కొంచెం పెద్ద పనే. చేయగల పిల్లలుంటే వాళ్ళకు ఈ లెక్క ఇవ్వండి, లేకపోతే స్టూడియోలో అడగండి. నిమిషానికి రెండున్నర సెకండ్ల చొప్పున ఘోరంగా పెరిగిపోతుంటే అది బొమ్మలు జారిన తప్పు కాదు. సినిమా లెక్క 24 బొమ్మలు, టీవీ లెక్క 25 బొమ్మలు ఎవరో కలగాపులగం చేసిన తప్పు అయ్యుంటుంది. ఆ మాటే వాళ్ళతో అనండి. మడత పడిన రకానికి మాత్రం తేడా మొదలైన చోట వీడియోను కోసి, రెండో ముక్కలోని శబ్దాన్ని విడిగా జరిపి అతకాలి.

క్యాసెట్ ఉన్నవాళ్ళు తాత్సారం చేయకండి. వీసీఆర్‌లు తయారుచేస్తూ ఆఖరిదాకా మిగిలిన కంపెనీ జపానులోని ఫునాయ్, అది కూడా 2016 జూలైలో ఆపేసింది. ఉన్న మిషన్లు అరిగిపోయేవే గానీ కొత్తవి రావు. స్టూడియోలో ఇచ్చేటప్పుడు 'టైమ్ బేస్ కరెక్టర్' పెట్టి ఎక్కిస్తారా అని అడగండి. అది టేపు తడబాట్లను సరిదిద్ది బొమ్మలు జారకుండా చూసే పరికరం. డబ్బులిచ్చే ముందు వాళ్ళ దగ్గరే ఫైలు కొసకు జరిపించి చూడండి. మొదటి అయిదు నిమిషాలు చూసి తృప్తిపడితే రెండో రకం తప్పు దొరకదు.

ఎక్కించాక కూడా క్యాసెట్ పారేయవద్దు. టేపు మొత్తం ఒక పక్కకు చుట్టించి, డబ్బీలో నిలువుగా, పొడిగా ఉండే బీరువాలో పెట్టండి. స్పీకర్ల పక్కన వద్దు, వాటిలో అయస్కాంతాలుంటాయి. డబ్బీ కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు కనబడిందంటే దాన్ని వీసీఆర్‌లో వేయకండి. మిషనుకూ అంటుకుంటుంది, తరువాత వేసిన మంచి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. టేపు శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే ఇవ్వాలి. ఫైలును పెన్‌డ్రైవుతో పాటు ఇంకో చోట కూడా ఉంచండి. డబ్బీ మీద ఎవరి పెళ్ళి, ఏ సంవత్సరం అన్నదే కాకుండా, అందులో ఎవరెవరి గొంతులు ఉన్నాయో కూడా రాసిపెట్టండి.